పిల్లలకి వడ్డీ లెక్క వచ్చు, వడ్డీ సంగతి తెలియదు

హైస్కూలు చదివే పిల్లలకి డబ్బు సంగతులు ఎలా నేర్పాలి అనే విషయం మీతో నాలుగు మాటలు ముచ్చటించాలనుకుంటున్నాను.

మీ ఇంట్లో ఎనిమిదో, తొమ్మిదో చదివే పిల్లలుంటే ఇవాళే ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. "వీధి చివర ఒకాయన రెండు రూపాయల వడ్డీకి అప్పిస్తానంటున్నాడు. బ్యాంకువాళ్లు పన్నెండు శాతం అంటున్నారు. మనకి ఎక్కడ తీసుకుంటే మేలు?" అని అడగండి. చాలామంది పిల్లలు తడుముకోకుండా "రెండే కదమ్మా తక్కువ!" అంటారు. ఆ పిల్లలకి లెక్కలు రావనుకుంటున్నారా? ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో చక్రవడ్డీ ఉంది. సూత్రం అప్పజెపుతారు, మార్కులూ తెచ్చుకుంటారు. కానీ వీధిలో మాట్లాడే వడ్డీ నెలకి నూటికి లెక్క అనీ, బ్యాంకులో మాట్లాడేది ఏడాదికి నూటికి లెక్క అనీ వాళ్లకి ఎవరూ చెప్పలేదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవైనాలుగు శాతం. బ్యాంకువాళ్లడిగినదానికి సరిగ్గా రెట్టింపు. మనకి వింటూనే తెలిసిపోయే సంగతి పిల్లలకి తెలియకపోవడానికి కారణం ఒకటే. ఇంట్లో డబ్బు మాటలు వచ్చేసరికి "నువ్వెళ్లి చదువుకోరా" అని వాళ్లని పక్కగదిలోకి పంపేస్తాం.

ఇది బళ్లో నేర్పాల్సింది గదా అంటారేమో. ఆ ప్రయత్నాలూ జరిగాయి. రిజర్వు బ్యాంకు పిల్లలకోసం బొమ్మల పుస్తకాలు వేసింది. రిజర్వు బ్యాంకూ, సెబీ, బీమా, పింఛను వ్యవహారాలు చూసే సంస్థలూ కలిసి పెట్టిన జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం బడిపిల్లలకి పరీక్షలు నిర్వహించింది. అంతా మంచిదే. అయితే బళ్లో పుస్తకం ఉంటుంది గానీ డబ్బుండదు. డబ్బు వచ్చేదీ పోయేదీ, చాలకపోయేదీ ఇంట్లోనే. ఆ సంసారం లెక్క చూసేది మనం. మనల్ని ఎవరూ అకౌంటెంటు అనరు, అది వేరే సంగతి!

మనకున్న అలవాటు దాచడం. పోపులపెట్టెలో, బియ్యం డబ్బాలో, పట్టుచీర మడతలో దాస్తాం. 2016 నవంబరు 8 రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్లు చెల్లవనగానే ఎన్ని ఇళ్లలో ఎన్ని పోపులపెట్టెలు శ్రీవారి ముందు బోర్లించవలసి వచ్చిందో మీకు నేను చెప్పాలా? ఆ దాచుకునే నేర్పుని నేను తక్కువ చెయ్యను. దానివల్లే గట్టెక్కిన సంసారాలు ఎన్నో. కాని అది పిల్లలకి కనబడదు. వాళ్లకి కనబడేదల్లా అడిగితే అమ్మ ఎక్కడినుంచో తీసి ఇస్తుందని. ఇప్పుడు నోటు కూడా కనబడడం లేదు. నాన్న ఫోను చూపిస్తే కొట్టువాడు సామాను ఇస్తాడు, అంతే. కాబట్టి పొదుపు గురించి ఉపన్యాసం చెప్పేముందు, ఇంటి లెక్క వాళ్ల కళ్లకి కనబడేలా చెయ్యాలి.

ఒక్క నెలపాటు పద్దు పుస్తకం పిల్లల చేతికిచ్చి చూడండి. పాలు, కూరలు, గ్యాసు, ఫోనుల రీఛార్జి, పనిమనిషి జీతం, స్కూలు బస్సు, అన్నీ వాళ్లచేతే రాయించండి. కరెంటు బిల్లు మాత్రం ప్రత్యేకంగా కూర్చోబెట్టి చదివించండి. యూనిట్లు పెరిగేకొద్దీ ఒక్కో యూనిట్ ధర కూడా పెరుగుతుందని, అంటే చివర వాడిన యూనిట్లకే ఎక్కువ పోస్తున్నామని తెలిసిన పిల్లవాడికి, ఖాళీ గదిలో ఫ్యాను ఆపమని రోజుకి పదిసార్లు చెప్పాల్సిన పని కొంచెం తగ్గుతుంది. పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేను.

ఆ తరువాత జూన్ నెల సంగతి చెప్పండి. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు అన్నీ ఒక్కసారే మీదపడే నెల అది. జూన్‌లో ముప్పైఆరు వేలు కావాలంటే జూలై నుంచే నెలకి మూడు వేలు పక్కన పెట్టాలి. ఇంటి పన్ను, బీమా ప్రీమియం, పండగలు కూడా అంతే. ఏడాదికొకసారి వచ్చే ఖర్చుని పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపడం తెలిస్తే సంసారం సగం తెలిసినట్టే. మూడో తరగతి భాగాహారమే గదా, కష్టం ఏముంది?

"జీతం ఎంతో పిల్లలకి చెప్పవచ్చునా? వాళ్లు పదిమందిలో అనేస్తే?" అని కొందరికి సంకోచం. తొమ్మిదో తరగతి దాటినవాళ్లకి చెప్పవచ్చుననే నా అభిప్రాయం. చెప్పకపోతే వాళ్లే ఊహించుకుంటారు. ఆ ఊహ ఎప్పుడూ అసలుకన్నా పెద్దదిగానే ఉంటుంది. కావలసినవన్నీ ఆ పెద్ద అంకెని చూసుకుని అడుగుతారు. అప్పులుంటే అవి కూడా చెప్పాలి. అయితే భయపెట్టేలా కాదు సుమండీ! "మనకి ఇంత అప్పుంది, నెలకింత కడుతున్నాం, ఫలానా సంవత్సరానికి తీరిపోతుంది" అని చెబితే చాలు.

ఇక వడ్డీ దగ్గరికి వద్దాం. నన్నడిగితే హైస్కూలు పిల్లలకి మిగతావన్నీ నేర్పకపోయినా ఇదొక్కటి నేర్పాలంటాను. ఏ వడ్డీ మాట చెవినపడినా దాన్ని మన ఇంటి కొలతలోకి, అంటే నెలకి నూటికి ఎంత అనే లెక్కలోకి మార్చుకోవడం. శాతాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేస్తుంది. పన్నెండు శాతం రూపాయి వడ్డీ. తొమ్మిది శాతం ముప్పావలా, ఆరు శాతం అర్ధరూపాయి, మూడు శాతం పావలా. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో పొదుపు సంఘాల మహిళలకోసం పెట్టిన 'పావలా వడ్డీ' పథకం పేరు వినే ఉంటారు. నెలకి నూటికి పావలా, ఏడాదికి మూడు రూపాయలు, అంటే మూడు శాతం అన్నమాట. ఆ పేరు పెట్టినవాళ్లకి తెలుగు ఆడవాళ్లు వడ్డీని ఎలా కొలుస్తారో తెలుసు!

ఈ కొలత చేతికి వచ్చాక ఇంటిచుట్టూ ఉన్న వడ్డీలన్నీ వరసగా నిలబెట్టి చూపించండి. పెద్ద బ్యాంకులు చాలావరకు సేవింగ్స్ ఖాతామీద మనకిచ్చేది పావలా లోపే. ఫిక్సెడ్ డిపాజిట్‌కి అర్ధరూపాయి, ఆ పైన ఇంకొంచెం. మనం వాళ్ల దగ్గర బంగారం తాకట్టు పెట్టుకుంటే ముప్పావలా నుంచి మొదలు. తాకట్టు కొట్టులో అయితే రెండు రూపాయలు, మూడు రూపాయలు. మరి క్రెడిట్ కార్డు బాకీ పూర్తిగా కట్టకుండా వదిలేస్తే? చాలా కార్డులమీద నెలకి మూడున్నర శాతం! అంటే మూడున్నర రూపాయల వడ్డీ, పైగా వడ్డీమీద వడ్డీ. పదివేలు ఏడాదిపాటు కట్టకుండా ఉంటే, జరిమానాలూ పన్నులూ కలపకుండానే, పదిహేను వేలు దాటుతుంది. ఇంగ్లీషులో 'త్రీ పాయింట్ ఫైవ్ పర్సెంట్' అని మెత్తగా వినబడేది తెలుగులో మూడున్నర రూపాయల వడ్డీ అనగానే మన అత్తగార్లు గుండెమీద చెయ్యి వేసుకునేవారు. పిల్లలకి కూడా అలా ఉలిక్కిపడడం రావాలి.

చక్రవడ్డీ ఎలా తిరుగుతుందో చెప్పడానికి పుస్తకంలో లెక్కకన్నా ప్రామిసరీ నోటు మంచి ఉదాహరణ. నోటుకి చట్టప్రకారం గడువు మూడేళ్లు. అందుకే అప్పిచ్చినవాళ్లు మూడేళ్లు తిరగకుండా నోటు తిరగరాయించుకుంటారు. పదివేలు రెండు రూపాయల వడ్డీకి తీసుకున్నారనుకోండి. మూడేళ్లకి వడ్డీ ఏడువేల రెండువందలు. అది కట్టలేకపోతే అసలులో కలిపి పదిహేడువేల రెండువందలకి కొత్త నోటు రాస్తారు. ఇంకో మూడేళ్లకి అది ఇరవైతొమ్మిది వేల అయిదువందల ఎనభైనాలుగు. మూడోసారి తిరగరాసి తొమ్మిదేళ్లు నిండేసరికి యాభైవేలు దాటుతుంది. మూడేళ్లలోపల నడిచేది బారువడ్డీ. నోటు తిరగరాసిన రోజున అదే చక్రవడ్డీ అవుతుంది. ఈ లెక్క పిల్లలచేతే వేయించండి. మీరు వేసి చూపిస్తే మర్చిపోతారు.

అదే చక్రం మనవైపు తిరిగితే ఎలా ఉంటుందో కూడా చూపించాలి గదా! పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ అయిదేళ్లది. నెలకి నూరు రూపాయలతో కూడా కట్టవచ్చు. 2025లో వడ్డీ 6.7 శాతం. ఆ లెక్కన అయిదేళ్లలో కట్టేది ఆరువేలు, చేతికి వచ్చేది సుమారు ఏడువేల నూటముప్పైఆరు. ఆరో తరగతిలో మొదలుపెట్టిన పిల్ల పదోతరగతి అయ్యేసరికి తన డబ్బు తను తీసుకుంటుంది. పెద్ద మొత్తమేమీ కాదు. కాని ఆ పైన వచ్చిన పదకొండువందల చిల్లర ఎక్కడినుంచి వచ్చిందో ఆ పిల్లకి వేరే పాఠం చెప్పక్కర్లేదు.

'వడ్డీలేని వాయిదాలు' అనే మాట పిల్లల నోట తరచుగా వినబడుతోంది. ముఖ్యంగా ఫోన్ల విషయంలో. రొక్కానికి పదకొండువేలకిచ్చే ఫోను, వాయిదాలమీద నెలకి వెయ్యి చొప్పున పన్నెండు నెలలు అంటారు. వడ్డీ లేదంటారు. ఆ వెయ్యి ఎక్కువ ఏమిటి మరి? వెయ్యిని పదకొండువేలమీద చూస్తే ముప్పావలా వడ్డీలాగే కనబడుతుంది. కాని మొదటి నెల నుంచే అసలు తీరుస్తున్నాం. ఆర్నెల్లు గడిచేసరికి మన దగ్గర మిగిలే బాకీ సగమే. కాబట్టి నిజంగా పడే వడ్డీ నెలకి నూటికి రూపాయి ముప్పైఅయిదు పైసల దాకా ఉంటుంది. కొట్లో "రొక్కానికైతే ఎంతకిస్తారు?" అని ఒక్క ప్రశ్న వేయడం పిల్లలకి నేర్పితే సగం గుట్టు అక్కడే బయటపడుతుంది.

చీటీలు కట్టే ఇళ్లలో పాఠం ఇంకా తేలిక. ఇరవైమంది, నెలకి అయిదువేలు, లక్ష రూపాయల చీటీ అనుకుందాం. ఒకావిడ అవసరం కొద్దీ ఇరవైవేలు తగ్గించుకుని పాడుకుంది. అందులో నిర్వాహకుల కమిషను అయిదువేలు పోగా మిగిలిన పదిహేనువేలు ఇరవైమందికీ పంచితే తలా ఏడువందల యాభై. ఆ నెల మనం కట్టేది నాలుగువేల రెండువందల యాభై. మనకి వచ్చిన లాభం ఆవిడ వదులుకున్న డబ్బే అని పిల్లలకి తెలియాలి. ఆకాశం నుంచి ఏదీ రాలిపడదు. ఇంకో మాట కూడా చెప్పాలి. బ్యాంకులో వేసిన డబ్బుకి 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. చీటీకి ఆ బీమా లేదు. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరయిన చీటీకి ఒక చట్టమైనా అండగా ఉంటుంది. మేడమీదావిడ నడిపే చీటీకి ఆవిడ మంచితనమే అండ. ఆవిడ మంచావిడే కావచ్చు, ఇరవైమందిలో ఇద్దరు కట్టడం మానేస్తే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

చేతి ఖర్చుకి డబ్బిచ్చే విషయంలో ఇంటికొక పద్ధతి. నాకు తోచింది చెబుతాను. ఇంతని నెలకొకసారి ఇవ్వండి. దాంతో ఏమేమి కొనుక్కోవాలో ముందే మాట్లాడుకోండి. పెన్నులు, బస్సు ఛార్జీలు, స్నేహితుల పుట్టినరోజు కానుకలు, చిరుతిళ్లు అని. పదో తారీఖుకే అయిపోతే మళ్లీ ఇవ్వకండి. ఇక్కడే మన మనసు కరిగిపోతుంది. పాపం పిల్లాడు అనిపిస్తుంది. పదమూడేళ్ల వయసులో మూడువందలు దుబారా చేసి ఇరవైరోజులు ఇబ్బందిపడడం చాలా చవకైన చదువండీ. ఇరవైమూడేళ్లకి అదే చదువు నేర్చుకోవాలంటే లక్షలు పోయాలి. మార్కులు తెస్తే ఇంత, గిన్నెలు సర్దితే ఇంత అని బేరం పెట్టడం మాత్రం నాకు నచ్చదు. ఇంటిపనికి కూలీ ఇచ్చే పద్ధతి వస్తే ముందు మనకే పెద్ద బిల్లు వేసుకోవాల్సి వస్తుంది.

ఖాతా తెరవడం ఇప్పుడు కష్టం కాదు. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేర, తమ సంతకంతో ఖాతా తెరిచి నడుపుకోవచ్చునని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది, 2025లో నిబంధనలు మళ్లీ సవరించింది. ఎంతవరకు అనే పరిమితి ఆ బ్యాంకు ఇష్టం. ఉన్న డబ్బు దాటి తీసుకునే వీలు మాత్రం పిల్లల ఖాతాలో ఉండదు. పోస్టాఫీసులో కూడా పదేళ్లు నిండితే చాలు. ఒకప్పుడు మన బళ్లలో సంచయిక అని ఉండేది, పిల్లలే కట్టి పిల్లలే పుస్తకాలు రాసుకునేవారు. ఇప్పుడు మీరే వెంటబెట్టుకుని వెళ్లి, పాసుబుక్కులో ప్రతి వరసా చదివించాలి.

అక్కడ కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడు మీ అమ్మాయికి ఒక చిన్న చరిత్ర కూడా చెప్పండి. తల్లి సంరక్షకురాలిగా సంతకం పెట్టి పిల్లల పేర డబ్బు వేస్తానంటే బ్యాంకులు సందేహించేవి. అలాంటి సేవింగ్స్, ఫిక్సెడ్ డిపాజిట్ ఖాతాలు తెరవవచ్చునని రిజర్వు బ్యాంకు 1976లో అనుమతించింది. అయినా 1984లో గీతా హరిహరన్ అనే రచయిత్రి కొడుకు పేర బాండ్లు కొనబోయి సంరక్షకురాలిగా తానే సంతకం చేస్తే, తండ్రి సంతకం తెమ్మన్నారు. ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1999లో గాని తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని తేలలేదు. పిల్లవాడి పేర డబ్బు వేయడానికి తల్లి సంతకం చెల్లుతుందా అని తేల్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టిందన్నమాట.

ఫోను గురించి చెప్పకుండా ఈ మాటలు ముగించడం కుదరదు. ఇవాళ మన పిల్లలు ఇంటర్మీడియట్‌కి హాస్టలుకి వెళ్లేది పదిహేను, పదహారేళ్లకే. ఎక్కడ అప్పు దొరుకుతుందో వాళ్లకి ఫోనే చెబుతుంది. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు అప్పుల యాప్‌ల కాల్‌సెంటర్లమీద దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు గనకనే అంతదూరం వెళ్లింది. ఆ అప్పు ఎలా ఉంటుందంటే, అయిదువేలు మంజూరు అంటారు, ఖర్చులకింద పదిహేనువందలు పట్టుకుని మూడువేల అయిదువందలు చేతికిస్తారు, వారంలో అయిదువేలు కట్టమంటారు. మన కొలతలో వేసి చూడండి. వారానికే నూటికి నలభైమూడు రూపాయల వడ్డీ! పైగా ఫోనులోని ఫోటోలు, నంబర్లు వాళ్ల గుప్పిట్లో ఉంటాయి. 2022 తరువాత వచ్చిన నిబంధనల ప్రకారం ఖర్చులన్నీ కలిపిన ఏడాది వడ్డీ శాతం ముందే కాగితంమీద చూపించాలి. బ్యాంకులూ, రుణసంస్థలూ వాడుకునే యాప్‌ల జాబితాని 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైటులో పెడుతోంది. ఇది పిల్లలకి తెలిసుండాలి.

రెండోది, 'నీ ఖాతా మాకు వాడుకోనిస్తే నెలకింత ఇస్తాం' అనే ఎర. అవతలివాడు మోసం చేసి దోచిన డబ్బు మనవాడి ఖాతాలోంచి పోతుంది, పోలీసులు వచ్చేది మనవాడి పేరు చూసుకుని. ఖాతాని ఎవరికీ అరువివ్వకూడదని ఖాతా తెరిచిన రోజునే చెప్పాలి. డబ్బు పంపడానికే పిన్ను కావాలి, పుచ్చుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదని కూడా. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి పిల్లవాడు భయపడకూడదు. తిడతారని దాచిన రెండుగంటల్లోనే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఈ పాఠాలన్నీ అబ్బాయికి చెప్పి, అమ్మాయికి గాజులు, గొలుసు చేయించి ఊరుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో, దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత, రోజుకి రూపాయి చొప్పున 'పొదుపు లక్ష్మి' సంఘాలు కట్టింది అక్షరం రాని ఆడవాళ్లు. నెలనెలా కూర్చుని అప్పులూ జమలూ తేల్చుకున్నారు. డిగ్రీ చదివి, ఉద్యోగం చేసి, తన ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందో అడగలేని అమ్మాయిని చూస్తే ఆ నెల్లూరు అక్కలు ఏమంటారో!

పిల్లకైనా పిల్లాడికైనా పద్దెనిమిది నిండగానే ఖాతాకి కొత్త సంతకం, కొత్త కాగితాలు ఇవ్వాలి. లేకపోతే లావాదేవీలకి అడ్డంకులు వస్తాయి. ఆ రోజు నామినీ కాలమ్ వాళ్లచేతే నింపించండి. పనిలో పనిగా మీ పాసుబుక్కూ, శ్రీవారి డిపాజిట్ రసీదులూ పట్టుకెళ్లి, వాటిలో నామినీగా ఎవరి పేరుందో చూసుకుని రండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇంకా నాన్నగారి పేరే ఉండవచ్చు.

సెలవు.